పిల్లి పరుగుకు బాణీ కట్టిన ఊరు

పిల్లలూ! టామ్ అనే పిల్లి, జెర్రీ అనే ఎలుక మీకు కొత్తవారు కారు. వాటి కొట్లాట చూచి మీతోపాటు మీ తాతగారు కూడా నవ్వే ఉంటారు. అయితే ఒక సంగతి గమనించారా? ఆ రెండూ దాదాపు ఏమీ మాట్లాడవు. మరి ఏడు నిమిషాల కథ మనకు ఎలా అర్థమవుతున్నది? ఈసారి ఆ బొమ్మల చిత్రం వచ్చినప్పుడు టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి ఒక్క నిమిషం చూడండి. పిల్లి పరుగెత్తుతూనే ఉంటుంది, మన నవ్వు మాత్రం సగానికి సగం తగ్గిపోతుంది. ఆ సగం నవ్వు ఎక్కడ తయారయిందో చూచి వద్దాం, రండి.

మనం వెళ్ళవలసిన ఊరు అమెరికా పడమటి తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్నది. దాని పేరు కల్వర్ సిటీ. సినిమా అనగానే అందరూ హాలీవుడ్ పేరే చెబుతారు. కాని ఎన్నో పేరుపొందిన చిత్రాలు హాలీవుడ్‌కు నైరుతిగా ఉన్న ఈ చిన్న ఊరిలోనే తయారయినాయి. ఇక్కడ వాషింగ్టన్ బులెవార్డ్ అనే వీధిలో, ఎత్తయిన స్తంభాల వరుసతో ఒక పాత స్టూడియో కనబడుతుంది. 1924లో ఏర్పడిన మెట్రో-గోల్డ్విన్-మేయర్ సంస్థకు చాలాకాలం ఇదే నివాసం. టామ్ అండ్ జెర్రీ మొదలయ్యే ముందు ఒక సింహం గర్జిస్తుందే, ఆ సింహం ఈ సంస్థ గుర్తే. ఇప్పుడు ఈ ఆవరణ సోనీ పిక్చర్స్ వారిది.

లోపల ఒక పెద్ద హాలు ఉన్నది. దానిని స్కోరింగ్ స్టేజి అంటారు, అనగా సినిమాలకు సంగీతం రికార్డు చేసే చోటు. ఇప్పుడు దీనికి బార్బ్రా స్ట్రైసాండ్ అనే ప్రసిద్ధ గాయని పేరు పెట్టారు. నూరుమందికి పైగా వాద్యకారులు ఒకేసారి కూర్చొని వాయించగల చోటిది. ఇలాంటి హాలులో వాద్యకారులు కూర్చునే తీరు తమాషాగా ఉంటుంది. సినిమా కనబడే తెర వారి వీపు వెనుక ఉంటుంది. వారికి ఎదురుగా నిలబడిన బృందనాయకుడు మాత్రమే తెరను చూస్తాడు. అంటే లోకాన్ని నవ్వించే సంగీతం వాయించేవారికి, ఆ సమయంలో నవ్వు పుట్టించే బొమ్మ కనబడదన్న మాట! ఎదుట స్వరాలు వ్రాసిన కాగితం, బృందనాయకుని చేయి, అంతే.

అలాంటప్పుడు టామ్ నెత్తిమీద ఇస్త్రీపెట్టె పడిన క్షణానికి సరిగ్గా డోలు ఎలా మోగుతుంది? ఇందులో కొంచెం లెక్క ఉన్నది. సినిమా ఫిల్ముమీద ఒక సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. ఏడు నిమిషాల చిత్రమంటే 10,080 బొమ్మలు. పిల్లి ఒక్కొక్క అడుగు ఎన్ని బొమ్మలలో వేయాలో దర్శకుడు ముందే నిర్ణయించి కాగితంమీద వ్రాసి పెడతాడు. 12 బొమ్మలకు ఒక అడుగు పడితే నిమిషానికి 120 అడుగులు. 8 బొమ్మలకు ఒకటి పడితే నిమిషానికి 180. సంగీతకర్త ఆ లెక్క ప్రకారమే తాళం కడతాడు. ఆ రోజులలో శబ్దం నమోదయ్యే ఫిల్ము అంచున సమాన దూరాలలో రంధ్రాలు పొడిచేవారు. ఫిల్ము నడుస్తుంటే ఒక్కొక్క రంధ్రం దగ్గర 'టిక్' మని వినిపించేది. హెడ్‌ఫోన్లలో ఆ టిక్కులు వింటూ వాయిస్తే ఎవరూ తాళం తప్పరు. మన నాట్యంలో నట్టువనారు తాళానికి తగినట్లు నర్తకి అడుగు వేస్తుంది. ఇక్కడ అంతా తలక్రిందులు. పిల్లి అడుగుకు తగినట్లు వాద్యబృందం తాళం వేస్తుంది!

ఈ పనిలో ఆరితేరినవాడు స్కాట్ బ్రాడ్లీ. ఆయన 1891లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టాడు. విలియం హానా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు దర్శకులు 1940 నుండి 1958 వరకు 114 టామ్ అండ్ జెర్రీ చిత్రాలు వెలువరించారు. వాటిలో ఏడింటికి ఆస్కార్ బహుమతులు వచ్చాయి. వాటికి సంగీతం కట్టిన ప్రధాన సంగీతకర్త బ్రాడ్లీయే. టామ్ పెట్టే పెడబొబ్బ మాత్రం వాద్యం కాదు. అది దర్శకుడు హానా సొంత గొంతు!

బ్రాడ్లీ చేతిలో వాద్యాలు ఎలా మాట్లాడేవో వినండి. జెర్రీ మునివేళ్ళమీద నడిస్తే వయొలిన్ తీగలను కమానుతో రాయకుండా వేలితో మీటుతారు. టామ్ మేడమీదనుండి పడితే ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యం స్వరం పైనుండి క్రిందికి జారుతుంది. ఎందుకు జారుతుంది? ట్రాంబోనులో ముందుకు, వెనుకకు జరిపే గొట్టం ఉంటుంది. దానిని ముందుకు తోస్తే లోపలి గాలి స్తంభం పొడవవుతుంది. గాలి స్తంభం పొడవైన కొద్దీ స్వరం మందరమవుతుంది. పిల్లనగ్రోవి రంధ్రాలు మూస్తూ పోతే స్వరం దిగడానికి కారణం కూడా ఇదే.

ఇది పిల్లల ఆట కదా అని బ్రాడ్లీ చేతికి వచ్చినది వ్రాసి ఊరుకోలేదు. 1944లో వచ్చిన 'పుట్టిన్ ఆన్ ది డాగ్' అనే చిత్రంలో, పన్నెండు స్వరాలను ఒక క్రమంలో పేర్చే కొత్త పద్ధతిని వాడాడు. ఆనాడు పెద్ద కచేరీలలోనే అది చాలామందికి కొరుకుడు పడని సంగీతం. ఎలుక కథలో వస్తే మాత్రం అందరూ హాయిగా నవ్వుకొన్నారు! 'ది క్యాట్ కాన్సర్టో' అనే చిత్రంలో టామ్ కచేరీ దుస్తులు వేసుకొని, లిస్ట్ అనే స్వరకర్త రచించిన రెండవ హంగేరియన్ రాప్సొడీని పియానోమీద వాయిస్తాడు. 1947లో ఆస్కార్ అందుకొన్న చిత్రమిది.

ఇక విచారం కలిగించే సంగతి. 1957లో ఆ సంస్థ తన కార్టూన్ విభాగాన్ని మూసివేసింది. 1969 తరువాత సంస్థ చేతులు మారినప్పుడు, చోటు చాలదని, ఖర్చు దండుగని, తన సంగీత సినిమాలకు వాద్యబృందం వాడిన స్వరప్రతులను గుట్టలు గుట్టలుగా చెత్తలోకి పంపి పూడ్చివేసింది. ఒక్కొక్క సినిమాకు ఎందరో రాత్రింబగళ్ళు కూర్చొని వ్రాసిన కాగితాలవి. అవి లేనిదే ఆ సంగీతాన్ని మళ్ళీ ఏ బృందమూ వాయించలేదు.

మరి అంతా పోయినట్లేనా? లేదు. ఇంగ్లండులో జాన్ విల్సన్ అనే బృందనాయకుడు ఉన్నాడు. ఆయన ఆ పాత సంగీత సినిమాలను మళ్ళీ మళ్ళీ విన్నాడు. ఇక్కడ వయొలిన్ ఏమి పలికింది, దాని వెనుక క్లారినెట్ ఏమి పలికింది అని విడదీసి వింటూ, ఒక్కొక్క స్వరమే కాగితంమీద పెట్టాడు. కొద్ది సెకన్ల సంగీతానికి గంటలు పట్టే పని అది. పోయిన ప్రతులు చెవి సాయంతో ఇలా తిరిగి లేచాయి. 2013లో లండన్ నగరంలోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆయన బృందం బ్రాడ్లీ కూర్చిన టామ్ అండ్ జెర్రీ సంగీతాన్ని కూడా వాయించింది. బొమ్మల చిత్రానికి పుట్టిన సంగీతం పెద్ద కచేరీలో తలెత్తుకొని నిలబడింది.

ఇప్పుడు మీకొక పని. సెకనుల ముల్లు ఉన్న గడియారం ముందు కూర్చొని, సెకనుకు రెండు చొప్పున బల్లమీద తట్టండి. అది 12 బొమ్మల అడుగు. తరువాత సెకనుకు మూడు చొప్పున తట్టండి. అది 8 బొమ్మల పరుగు. చేయి కుదిరిన తరువాత, టామ్ అండ్ జెర్రీని ఈసారి కళ్ళు మూసుకొని వినండి. ఎవరు తరుముతున్నారో, ఎవరు దాక్కున్నారో, ఎవరు పడ్డారో కాగితంమీద వ్రాసుకోండి. ఆ తరువాత కళ్ళు తెరచి అదే చిత్రం చూచి సరిపోల్చుకోండి. మీ అమ్మా నాన్నలను కూడా కూర్చోబెట్టండి. ఎవరి చెవికి ఎక్కువ మార్కులు వస్తాయో చూద్దాం!