హైబ్రిడ్ మిరప గింజ మళ్ళీ పోసుకోవచ్చా? వరి గింజ ఎందుకు దాచుకోవచ్చు?



నార్లు పోసుకునే కాలం వచ్చిందంటే చాలు, ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడుగుతారు. "అన్నా, పోయినేడు ఫలానా హైబ్రిడ్ మిరప బ్రహ్మాండంగా కాసింది. 10 గ్రాముల ప్యాకెట్టుకి వందలకి వందలు పోసే బదులు, ఆ కాయల్లో గింజే తీసి నారు పోసుకుంటే ఏమవుద్ది? వరి గింజ దాచుకుంటున్నాం గదా, మిరప గింజకి వచ్చిన రోగమేంటి?"

న్యాయమైన ప్రశ్నే. "హైబ్రిడ్ గింజ పనికిరాదు" అని షాపాయన చెబితే, వాళ్ళ వ్యాపారం కోసం చెబుతున్నారనిపిస్తుంది. అందుకే ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా, మొక్క లోపల ఏం జరుగుతుందో మీరే చూసుకునేట్టు రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొక్కయినా, గొడ్డయినా, మనిషయినా కణాలతో కట్టిన ఇల్లే. ప్రతి కణం లోపలా సన్నని పోగుల్లాంటివి ఉంటాయి, వాటినే క్రోమోజోములు అంటారు. మొక్క ఎంత ఎత్తు పెరగాలి, ఎప్పుడు పూయాలి, ఏ తెగులుకి తట్టుకోవాలి, ఈ రాతంతా ఆ పోగుల మీదే ఉంటుంది. ఆ రాతలో ఒక్కో ముక్కని జన్యువు అంటారు. ఈ పోగులు కాడికి కట్టిన ఎడ్లలాగా జతలుగా ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి వచ్చింది, ఒకటి తండ్రి నుంచి వచ్చింది. వరిలో 12 జతలు, మిరపలో 12 జతలు, మొక్కజొన్నలో 10, మనుషుల్లో 23.

ఇప్పుడు కణం ఎలా చీలుతుందో చూద్దాం. రెండు రకాలుగా చీలుతుంది. మన పిల్లల పుస్తకాల్లో సమవిభజన, క్షయకరణ విభజన అని ఉంటాయి. పేర్లు మర్చిపోయినా పర్లేదు, పని గుర్తుపెట్టుకోండి.

మొదటిది నకలు తీసే పని. వేరు సాగినా, ఆకు విచ్చినా, వరి పిలక తొడిగినా జరిగేది ఇదే. కణం చీలే ముందు పోగులన్నిటికీ నకలు తీసుకుంటుంది. తర్వాత రెండు కణాలకీ సమంగా పూర్తి సెట్టు పంచుతుంది. పాత కణంలో ఏముందో కొత్త కణంలోనూ అదే ఉంటుంది. బంగినపల్లి పుల్ల తెచ్చి అంటు కడితే బంగినపల్లే కాయడానికి కారణం ఇదే. అరటి పిలక తల్లిలాగే గెల వేయడానికి కారణమూ ఇదే. నకలు తీసేటప్పుడు ఎప్పుడో ఒకసారి అక్షరం తప్పు పడుతుంది, కొత్త గుణాలకి మొదటి పుట్టుక అక్కడే. కానీ అది చాలా అరుదు.

రెండోది పువ్వులో మాత్రమే జరుగుతుంది, పుప్పొడి తయారయ్యేచోట, అండం తయారయ్యేచోట. ఇక్కడ నకలు పని చాలదు. పుప్పొడిలో 24 పోగులు, అండంలో 24 పోగులు ఉంటే, కలిశాక గింజలో 48 అవుతాయి. మళ్ళీ తరానికి 96. అలా కుదరదు గదా. అందుకని ఇక్కడ కణం సగానికి తగ్గించుకుంటుంది. ప్రతి జతలోనూ ఒక్క పోగునే పంపిస్తుంది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఏ జతలో తల్లి పోగు పోవాలి, ఏ జతలో తండ్రి పోగు పోవాలి అనేదానికి లెక్కంటూ ఏమీ లేదు, బొమ్మా బొరుసూ వేసినట్టే. 12 జతలకి 12 సార్లు బొమ్మా బొరుసూ వేస్తే 4,096 రకాల పుప్పొడి రావచ్చు. అండాలూ అంతే. రెండూ కలిస్తే 1 కోటి 67 లక్షల పైచిలుకు కూడికలు. ఇదీ చాలదన్నట్టు, విడిపోయే ముందు జతలోని రెండు పోగులూ పక్కపక్కన చేరి, మధ్యలో తెగి, ముక్కలు మార్చుకుంటాయి. పేకముక్కలు కలపడమే కాదు, ముక్కల్ని చించి అతికించి మరీ పంచినట్టన్నమాట. ఒక్క కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఒకడిది తాత ముక్కు అవడానికి కారణం ఇదే. మా చేను గట్టు మీద బంగినపల్లి టెంక పడి మొలిచిన చెట్టొకటుంది. కాయంతా పీచు, పులుపు. పచ్చడికే పనికొస్తుంది. తల్లి బంగినపల్లే, పేక కలిసింది, అంతే.

ఇక్కడ ఒక్క మాట, వరి వేసేవాళ్ళకి. ఈ రెండో రకం చీలిక వరిలో కంకి బయటికి రాకముందే, పొట్టలో ఉన్నప్పుడే జరుగుతుంది, ఈనడానికి సుమారు 10 రోజుల ముందు. ఆ రోజుల్లో నీళ్ళు తప్పినా, చలి ఎక్కువైనా పుప్పొడి సరిగా తయారవదు, తర్వాత తాలు గింజ కనబడుతుంది. పొట్ట దశలో మడి ఎండబెట్టొద్దని మన పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

సరే, ఇప్పుడు హైబ్రిడ్ సంగతికి వద్దాం. కంపెనీ వాళ్ళు ఆడ లైను ఒకటి, మగ లైను ఒకటి విడిగా పెంచుతారు. ఏ లైనుకా లైనులో ప్రతి జతలోని రెండు పోగులూ అచ్చం ఒకేలా ఉండేట్టు ఏళ్ళ తరబడి స్థిరపరుస్తారు. ఒకేలా ఉన్న ముక్కల్ని ఎంత కలిపినా తేడా రాదు. కాబట్టి ఆ రెంటినీ సంకరం చేస్తే వచ్చిన ప్రతి గింజలోనూ ఆడ లైను సెట్టు ఒకటి, మగ లైను సెట్టు ఒకటి. అన్ని గింజలూ ఒక్కటే. అందుకే హైబ్రిడ్ చేను దువ్వినట్టు సమంగా ఉంటుంది.

ఆ చేలో కాసిన కాయలో గింజ మాటేమిటి? ఇప్పుడు ప్రతి జతలో రెండు పోగులూ వేరువేరు. పువ్వులో పేక కలుస్తుంది. ఒక్క గుణం తీసుకుని చూడండి. ఒక తెగులుకి తట్టుకునే జన్యువు ఆడ లైను నుంచి మాత్రమే వచ్చిందనుకోండి. రెండో తరంలో 4 మొక్కల్లో 1కి ఆ జన్యువు రెండు పోగుల మీదా ఉంటుంది, 2కి ఒక పోగు మీద ఉంటుంది, 1కి అసలుండదు. బఠాణీ మొక్కల మీద మెండెల్ తేల్చి 1866లో అచ్చువేసిన లెక్క ఇదే. ఒక్క గుణమైతే సర్దుకోవచ్చు. రెండు లైన్లకీ 10 జన్యువుల్లో తేడా ఉందనుకోండి, అవన్నీ వేరువేరు పోగుల మీద ఉన్నాయనుకోండి. ఆ పదింటిలోనూ పోయినేటి మొక్కలాగే ఉండేది 1,024 మొక్కల్లో ఒక్కటి. ఎకరంలో 10 వేల మొక్కలు నాటితే, అచ్చం దాని లాంటివి పది వస్తాయి. నిజానికి తేడాలు పదితో ఆగవు.

మా ఊళ్ళో ఒకాయన రెండేళ్ళ కిందట అరెకరంలో అలా వేశాడు. నారు బాగానే మొలిచింది, నాటాక నెలన్నర దాకా తేడా తెలియలేదు. తర్వాత ఒక మొక్క నడుం దాకా, పక్కది మోకాలి దాకా. ఒకటి కాపుకొస్తే ఇంకోటి అప్పుడే పూత. కాయలు పొడుగూ పొట్టీ, రంగు ఎరుపూ నారింజా కలగలుపు. కోతలు ఎక్కువయ్యాయి, కూలీ ఎక్కువైంది. యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని చూసి, రేటు తగ్గించాడు. గింజ మీద మిగిలింది వేలల్లో, పోయింది దానికి ఎన్నో రెట్లు. మందులు, ఎరువులు, కౌలు మామూలుగానే పెట్టాడు మరి. ఇంకో ప్రమాదం ఏంటంటే, ఇలాంటి రెండో తరం గింజనే "అదే రకం, సగం ధర" అని లూజుగా అమ్మేవాళ్ళుంటారు. మొలక బాగానే వస్తుంది కాబట్టి మొలకశాతం పరీక్షలో దొరకదు. కాపులోనే బయటపడుతుంది, అప్పటికి పెట్టుబడి నేలలో ఉంటుంది. అందుకే బిల్లు లేని గింజ కొనొద్దంటాను.

మరి వరి? సాంబా మసూరి, అదే మన బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. ఇన్నేళ్ళుగా గింజ దాచుకుంటూనే ఉన్నాం. వరి పువ్వు తన పుప్పొడి తనే పుచ్చుకుంటుంది. అలా పుచ్చుకున్న ప్రతి తరానికీ జతల్లో తేడాలు సగానికి పడిపోతాయి. సగం, పావు, అరపావు, అలా ఆరేడు తరాలకి 100లో 1, 2 మిగులుతాయి. ఆ పాటికి రకం స్థిరపడినట్టే. పువ్వులో పేక ఇప్పటికీ కలుస్తూనే ఉంటుంది. కలిసేవి రెండూ ఒకే ముక్కలు కాబట్టి తేడా రాదు. మన దగ్గర చెడేది కల్తీ వల్ల: కల్లంలో వేరే రకం కలవడం, కోత మిషన్లో మిగిలిన గింజ, పోయినేటి రాలుడు. కేళీలు ఏరేసి, ఆ మడి గింజ విడిగా కొట్టి దాచుకుంటే చాలు.

ఇదంతా చదివి, పేక కలవడం రైతుకి శత్రువనుకునేరు. అరటి చూడండి. మనం తినే అరటిలో పోగులు జతలుగా కాదు, మూడేసి ఉంటాయి. మూడింటిని రెండు వాటాలు సమంగా వేయలేం గదా, అందుకే గింజ కట్టదు. పిలకల నకలే దిక్కు. ప్రతి మొక్కా ఒకటే కాబట్టి, ఒకదాన్ని పట్టిన తెగులు అన్నిట్నీ పడుతుంది. పనామా తెగులుకి అమృతపాణి తోటలు ఎలా పోయాయో మీలో చాలామందికి తెలుసు. ఆ తెగులులోనే టీఆర్4 అనే ఇంకో రకం, ఇప్పుడు జీ-9 లాంటి కావెండిష్ అరటినీ పడుతోంది. మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో కనబడింది.

వరికి ఆ గతి పట్టకపోవడానికి పేక కలవడమే ఆదుకుంది. సాంబా మసూరికి ఎండాకు తెగులు పెద్ద బలహీనత. హైదరాబాదులోని సీసీఎంబీ వాళ్ళు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ళు కలిసి, ఆ తెగులుని తట్టుకునే 3 జన్యువుల్ని సంకరం ద్వారా అందులోకి తెచ్చారు. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. మళ్ళీ మళ్ళీ సాంబా మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలో కావలసిన మొక్కల్నే ఏరుతూ, బియ్యం గుణం పోకుండా నిలబెట్టారు. 2008లో విడుదలైన ఆ రకమే మెరుగుపరచిన సాంబా మసూరి, ఆర్‌పీ బయో 226. ఏ పనికీ రాదనుకున్న అడవి గడ్డిలో మన సన్నబియ్యానికి కావలసిన ముక్క దొరికింది.

కాబట్టి నేను చెప్పేదిదీ. వరి, మినుము, పెసర, వేరుశనగ మామూలు రకాలైతే గింజ దాచుకోండి, ధైర్యంగా. వరిలోనైనా సరే, హైబ్రిడ్ అని ఉంటే దాచొద్దు. మిరపలో గింజ దాచుకోవాలని ఉంటే, హైబ్రిడ్ కాకుండా లాం ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకం వేయండి. మిరపకి, కందికి ఈగలు పక్క చేల పుప్పొడి మోసుకొస్తాయి, అందుకని గింజ కోసం ఉంచేది చేను మధ్యలో, వేరే రకాలకి దూరంగా ఉంచండి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం గింజ దాచుకోవడం, విత్తడం, మార్చుకోవడం, అమ్ముకోవడం మన హక్కు. బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు.

ఇంకొక్కటి. మీ ఊళ్ళో ఎవరి దగ్గరైనా పాత నాటు రకం గింజ మిగిలి ఉంటే, దిగుబడి లేదని పారేయనివ్వకండి. సెంటు భూమిలోనైనా వేసి నిలపమనండి. రేపు వచ్చే తెగులుకి మందు ఏ గింజలో ఉందో ఎవరికెరుక?

మీ దగ్గర అలాంటి రకం ఉంటే పేరు, ఊరు కింద రాయండి. గింజ మార్చుకుందాం.