ఆ 'ఎందుకు' ఎవరికి చెబుతున్నాం?

కాలిఫోర్నియాలోని శాన్ హొసేకి పిల్లలతో వెళ్లినవాళ్లు ఊదారంగు గోడల చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియాన్ని చూడకుండా రారు. మెక్సికో వాస్తుశిల్పి రికార్డో లెగోరెటా రూపకల్పన చేసిన ఈ భవనాన్ని 1990లో తెరిచారు. పక్కనున్న వీధికి వోజ్ వే అని పేరు. మ్యూజియానికి ఆర్థికంగా అండగా నిలిచిన స్టీవ్ వోజ్నియాక్ మీద గౌరవంతో పెట్టిన పేరది. 2005లో గ్వాడలూప్ నదిలో బయటపడ్డ మముత్ ఎముకలూ ఇక్కడ చూడొచ్చు. మిగతాదంతా చేతులతో చూసేదే: ఎక్కి కూర్చోగల నిజం ఫైరింజన్, నీళ్లు పారే తొట్లు, సబ్బునీళ్లలో ముంచి ఊదే చట్రాలు. సిలికాన్ వ్యాలీలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి అమ్మానాన్నలతో పాటు ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఇది తప్పక చూపించే చోటయింది. 'ముట్టుకోకు, పడేస్తావు' అనే మన అలవాటు మాటకు ఇక్కడ చోటు లేదు. అదే ఈ మ్యూజియం గొప్పతనమని అందరూ అంటారు. నాకు మాత్రం పిల్లల చేతులు చేసే పని కన్నా పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు అనే మాటే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది.

ఇది ఊరికే అనడం కాదు. కెవిన్ క్రౌలీ, మౌరీన్ కలనన్, మరికొందరు పరిశోధకులు ఇదే మ్యూజియంలో కుటుంబాల సంభాషణలను రికార్డు చేసి, 2001లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ప్రదర్శన దగ్గర పెద్దలు పిల్లలతో అనే మాటలు మూడు రకాలు. 'ఇది తిప్పు, అక్కడ పెట్టు' అని వాడకం చెప్పేవి ఒకటి. 'చూడు, పైకి లేచింది' అని జరిగినదాన్ని గమనించమనేవి మరొకటి. అలా ఎందుకు జరిగిందో చెప్పేవి మూడోవి. మొదటి రెండు రకాల మాటలూ ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగానే అందాయి. మూడో రకం దగ్గరకొచ్చేసరికి మగపిల్లలకు మూడు రెట్లు ఎక్కువగా అందింది. టిక్కెట్టు ఒకటే, తొట్టి ఒకటే, ఆడే అవకాశమూ ఒకటే. అయినా బడిలో సైన్సు పాఠం మొదలవకముందే ఒకరికి కారణం అందుతోంది, ఇంకొకరికి వినోదంతో సరిపోతోంది. ఆడపిల్లలకు సైన్సు మీద మొగ్గు తక్కువని పెద్దయ్యాక తేల్చేసే మనం ఈ మూడు రెట్ల తేడాను ముందు లెక్కలోకి తీసుకోవాలి.

పాతికేళ్ల నాటి సంగతి, అదీ అమెరికా కుటుంబాలది అని ఎవరైనా తోసిపుచ్చవచ్చు. కానీ ఆ తల్లిదండ్రులు కూతుళ్లను తక్కువ చేయాలనుకున్నవాళ్లు కారు. ఆడపిల్లలను చేయి పట్టుకుని సైన్సు ప్రదర్శన దాకా తీసుకొచ్చినవాళ్లే. తాము ఏం చేస్తున్నామో వాళ్లకే తెలియదు. అలా తెలియకుండా జరిగేది ఏళ్లు గడిచినంత మాత్రాన దానంతటదే పోయిందని నమ్మడానికి నాకు కారణం కనిపించదు. మన ఇళ్లలో పరిస్థితి ఇంతకన్నా మెరుగని అనుకోవడానికీ ఆధారం లేదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది: అసలు ఎవరికైనా వివరించడం ఎందుకు, పిల్లలను వాళ్ల మానాన వదిలేయొచ్చు కదా? దీనికి పరిశోధన మద్దతూ ఉంది. ఎలిజబెత్ బొనావిట్జ్, లారా షుల్జ్ బృందం నాలుగు రహస్య ఏర్పాట్లున్న బొమ్మ ఒకటి తయారుచేసి చిన్నపిల్లలకు ఇచ్చింది. 'ఇది ఇలా పనిచేస్తుంది' అని ముందే ఒక ఏర్పాటు చూపిస్తే పిల్లలు దాంతోనే ఆగిపోయి, మిగతావాటి కోసం తక్కువ వెతికారు. 2011లో వచ్చిన ఈ ఫలితాన్ని కాదనలేం. అయితే శాన్ హొసే మ్యూజియంలోనే క్రౌలీ బృందం మరో సంగతీ గమనించింది. చీలికలున్న డ్రమ్ము తిరుగుతుంటే లోపలి బొమ్మలు కదులుతున్నట్టు కనిపించే జోయెట్రోప్ దగ్గర, అమ్మో నాన్నో పక్కనున్న పిల్లలు ఒంటరిగా వచ్చినవాళ్ల కన్నా ఎక్కువసేపు, మరింత శ్రద్ధగా పరిశీలించారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. చేయి పెట్టకముందే చెబితే వెతుకులాట ఆగిపోతుంది. ఆశ్చర్యం కలిగిన క్షణంలో చెబితే అది ముందుకు సాగుతుంది. ఉదాహరణకు చతురస్రపు చట్రంలోంచి ఊదినా బుడగ గుండ్రంగానే వస్తుందని పిల్ల తనంతట తాను చూడాలి. తర్వాత, సబ్బుపొర అన్ని వైపుల నుంచీ లోపలికి లాక్కుంటోందనీ, లోపలున్న గాలిని అతి తక్కువ పొరతో చుట్టగలిగేది గోళమేననీ చెప్పాలి. అయిదేళ్ల పిల్లకు అదేం అర్థమవుతుందని సందేహిస్తే, అదే వయసు పిల్లవాడికి ఏ నమ్మకంతో చెబుతున్నాం?

అమెరికా సౌకర్యాల మాట మనకెందుకు అనేవాళ్లకు కుప్పం దగ్గరి అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణాన్ని గుర్తుచేస్తాను. రామ్‌జీ రాఘవన్ 1999లో మొదలుపెట్టిన ఈ సంస్థ ప్రయోగాల సామగ్రిని వ్యాన్లలో పల్లె బడులకు చేరుస్తుంది. తోటి పిల్లలకు ప్రయోగాలు చూపించే బాధ్యతను పిల్లలకే అప్పగించే పద్ధతీ అక్కడుంది. కారణం చెప్పే చోట ఆడపిల్లే నిలబడితే, వినే చోట మాత్రమే మిగిలిపోయే ప్రమాదం తప్పుతుంది. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు.

మళ్లీ శాన్ హొసే విషయానికొస్తే, అక్కడి బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు స్పానిష్, వియత్నామీ కూడా కనిపిస్తాయి. ఇంటి భాషలో వివరించగలిగితేనే కుటుంబం నోరు విప్పుతుందని ఆ మ్యూజియం గుర్తించింది. తెలుగు లేదు. అయినంత మాత్రాన బోర్డు చదవలేని తాతయ్య బెంచీ మీద కూర్చుని బ్యాగులు కాపలా కాయనక్కర్లేదు. గోదావరి కాలువల కింద సేద్యం చేసినవాడికి ఆ నీళ్ల తొట్ల దగ్గర కావలసిన మాటలన్నీ వచ్చు. అడ్డు పెడితే వెనక నీటిమట్టం ఎందుకు పెరుగుతుందో, దారి ఇరుకైన చోట నీళ్లు ఎందుకు వడిగా పోతాయో, తూము ఎందుకు కట్టుకోవాలో, ఎక్కడ గండి పడుతుందో ఆయన చెప్పగలడు. ముందు మనవరాలిని దారికి అడ్డం పెట్టనిచ్చి, నీళ్లు పొర్లాక, ఎందుకు పొర్లాయో ఆ పిల్లనే అడిగి, తర్వాత తన సంగతి చెబితే చాలు.