కార్తెకో ఫొటో... కట్ట మీది నుంచి!

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు కిటికీలోంచి చూస్తే చిట్యాల రెండు నిమిషాల ఊరు. అదే ఆ చుట్టుపక్కల ఏ చెరువు కట్ట మీదో నిలబడి ఏడాది పొడవునా చూస్తే... ఎండ, మొగులు, వాన, మంచు ఒకదాని వెంట ఒకటి నడిచిపోయే పెద్ద వెండితెర! కెమెరా చేతిలో ఉన్నవాళ్లకు ఇక్కడ ఖరీదైన లెన్సు కన్నా ఓపిక ఎక్కువ అవసరం.

హైవే వదిలి ఉరుమడ్ల వైపో, వట్టిమర్తి వైపో కాస్త లోపలికి వెళ్తే చాలు. లారీల హోరు వెనకబడుతుంది. ఎర్రటి చెలకలు, వాటి మధ్య అక్కడక్కడా తాటిచెట్లు, ఎవరో ఆటాడుకుంటూ పేర్చి అలాగే వదిలేసి పోయినట్టు గుండు మీద గుండుగా నిలిచిన గుట్టలు. దట్టమైన అడవి లేదు, ఎత్తయిన కొండ లేదు. అందుకే ఎటు తిరిగినా ఆకాశమే. పదిమైళ్ల అవతల పడుతున్న వాన కూడా బూడిదరంగు పరదాలా కనిపిస్తుంది.

ఇక్కడి రైతుకు ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు, ఇరవై ఏడు కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. విత్తనం ఎప్పుడు వేయాలి, నారు ఎప్పుడు పోయాలి, ఏ వాన ఏ పంటకు మేలు... అన్నీ ఆ లెక్కలోనే. ఫొటోగ్రాఫర్లకు ఇంతకన్నా మంచి క్యాలెండర్ దొరకదు. ఒకే కట్ట మీద, ఒకే చోట నిలబడి కార్తెకో ఫొటో తీస్తే ఏడాది తిరిగేసరికి 27 ఫొటోలు. వాటిని వరసగా పేరిస్తే ఆ ఊరి ఏడాది బతుకంతా కళ్లముందు ఉంటుంది.

అక్కడ ఉలూరు... ఇక్కడ మన గుట్టలు

వాతావరణాన్ని ఫొటో తీయడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న అవుట్‌బ్యాక్. ఎర్రమన్ను, ఎండిన గడ్డి, అంతులేని ఆకాశం. అక్కడి ఉలూరు అనే ఇసుకరాతి కొండ 348 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడి పొద్దున ఒక రంగులో, సాయంత్రం మరో రంగులో కనిపిస్తుంది. దాని కోసం ప్రపంచం నలుమూలల నుంచీ కెమెరాలు తరలి వెళ్తాయి. కటి తండా అనే ఉప్పుచెరువు అక్కడే ఉంది. చాలా ఏళ్లు ఎండిపోయే ఉంటుంది. అది బాగా నిండిన ఏడాదిగా 1974ను ఇప్పటికీ చెప్పుకుంటారు.

మన చెలకలకూ ఆ నేలకూ పోలిక లేకపోలేదు. నల్లగొండ ప్రాంతంలోని ఈ రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. ఉలూరు కన్నా ఎన్నో రెట్లు పాతవి! వాన విషయంలో మాత్రం మనమే నయం. అవుట్‌బ్యాక్‌లోని ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాదికి సుమారు 280 మిల్లీమీటర్లు పడితే, నల్లగొండలో 750 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. అయితే అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ నాలుగు నెలలు మొహం చాటేస్తే ఆ ఏడాదికి అంతే!

రెండు నేలలనూ కలిపే దారం ఇంకొకటుంది. పసిఫిక్ మహాసముద్రం నీళ్లు మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినో ఏడాదిలో మన నైరుతి రుతుపవనాలు నీరసించే అవకాశం ఎక్కువ. ఆస్ట్రేలియాలోనూ, ముఖ్యంగా తూర్పు వైపు, కరువు కోరలు చాస్తుంది. 2002లో అదే జరిగింది. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు నేలలూ ఒకే ఏడాది దాహంతో నోరు తెరిచాయి.

అందమైన మొగులు... భయపెట్టే మొగులు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలాఖరులో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఆకాశం నీలంగా ఉండదు, తెల్లగా పాలిపోయి ఉంటుంది. పొద్దున ఏడు దాటాక, సాయంత్రం ఐదున్నరలోపు కెమెరా బయటికి తీసినా ఫలితం ఉండదు. మే రెండో వారంలో ఓ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి చేరి, మనిషి నీడ కాళ్ల కిందికి పోతుంది. మళ్లీ అలాంటి రోజు ఆగస్టు మొదటి వారంలోనే.

ఏప్రిల్, మే సాయంత్రాలు మాత్రం వేరు. ఉన్నట్టుండి పడమటి దిక్కు నల్లబడుతుంది. గాలిదుమారం లేస్తుంది. ఎర్రటి దుమ్ము మీద ఏటవాలుగా పడే పసుపు వెలుగు, దాని వెనక కాటుక రంగు మొగులు... ఫొటోగ్రాఫర్లు ఏడాదంతా ఎదురుచూసే దృశ్యం.

అదే సమయంలో ఐకేపీ కేంద్రం దగ్గర వడ్ల కుప్పల పక్కన నిలబడ్డ రైతు కూడా అదే మొగులును చూస్తుంటాడు. యాసంగి పంట కోసి, ఆరబోసి, తూకం కోసం రోజుల తరబడి కాపలా కాస్తున్న మనిషి. చుక్క పడితే గింజ తడుస్తుంది. తడిస్తే మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, ధర పడిపోతుంది. మెరుపు మెరిసిందంటే ఇంటిల్లిపాదీ టార్పాలిన్లు పట్టుకుని ఉరుకుతారు. ఆ మొగులునొక్కటే తీస్తే అది గోడకు తగిలించుకునే బొమ్మ. ఆ పరుగు కూడా అందులోకి వస్తేనే అది చిట్యాల వేసవి.

మిరుగం దాటాక...

జూన్ 8 ప్రాంతంలో మిరుగం. ఆ రోజు చేపలు తినడం తెలంగాణ ఇళ్లలో ఆనవాయితీ. మొదటి వాన పడగానే నేల రంగు మారిపోతుంది. పాలిపోయిన ఇటుక రంగు చెలక ముదురు ఎరుపుకు తిరుగుతుంది. మరో రెండు వారాలకు ఆరుద్ర పురుగులు! మఖమల్ గుడ్డ ముక్కల్లా ఎర్రగా, మెత్తగా మట్టి మీద పాకుతుంటాయి. నేల మీద బోర్లా పడుకుని తీయాల్సిన ఫొటో అది.

అప్పుడే పత్తి గింజలు పెడతారు. అసలు ఉత్కంఠ ఇక్కడి నుంచే మొదలు. మొదటి వానను నమ్మి గింజ పెట్టాక పది, పదిహేను రోజులు చినుకు లేకపోతే మొలక మాడిపోతుంది. మళ్లీ గింజలు కొనాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. మృగశిరలో తీసిన చేను ఫొటో పక్కన ఆరుద్రలో తీసిన ఫొటో పెట్టి చూస్తే కథ అర్థమవుతుంది. సాలు పొడవునా మొలకలుంటే ఆ ఇంట్లో ధైర్యం. మధ్యమధ్యలో ఖాళీలుంటే అప్పు!

వాన మొగులు కోసం పడమర వైపే చూస్తూ కూర్చోకూడదు. నైరుతి గాలులు పడమటి కనుమల మీదే చాలా నీటిని కుమ్మరించి వస్తాయి. ఇక్కడికి చేరేసరికి పైపైన పరుగెత్తే మొగుళ్లే ఎక్కువ. చెరువులు నింపే వానలు ఎక్కువగా బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టినప్పుడు వస్తాయి. ఆ వార్త విన్నరోజు కెమెరాను తూర్పు వైపు తిప్పి పెట్టుకోవాలి.

మత్తడి దూకితే పండగే

ఉత్తర, హస్త కార్తెల నాటికి చెరువు సంగతి తేలిపోతుంది. నిండితే మత్తడి దూకుతుంది. ఊరంతా చూడటానికి కదులుతుంది. పిల్లలు నీళ్లలో, పెద్దలు వలలతో! సరిగ్గా అప్పుడే చెలకల గట్ల మీద తంగేడు పసుపు, గునుగు తెలుపు విరగబూస్తాయి. బతుకమ్మ ఎక్కడో పుట్టలేదు, ఈ కార్తెలో పూసే పూలలోంచే పుట్టింది.

నిండని ఏడాది బతుకమ్మను సాగనంపడానికి నీళ్లు వెతుక్కోవాలి. 2015 కరువులో తెలంగాణలో ఎన్నో చెరువులు నెర్రెలు బారాయి. ఆ ఏడాది మార్చిలోనే మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పూడికతీత పని మొదలైంది. తర్వాత అయిదేళ్లకు, 2020 అక్టోబరు 13న, వాయుగుండం తీరం దాటి తెలంగాణ మీదుగా సాగినప్పుడు కుండపోత. మూసీ పొంగింది. చెరువు మధ్యలో నిలబడి నెర్రెల ఫొటో తీసిన చోటే అయిదేళ్లకు నీళ్లు! అలాంటి రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే వాతావరణం మారుతోందా లేదా అనే చర్చకు ఊరిదైన సాక్ష్యం దొరుకుతుంది. కార్తెల తేదీలు మారవు. వానలే వాటికి కట్టుబడటం లేదు.

మంచులో తాటిచెట్టు

నవంబరు నుంచి ఆకాశం కడిగినట్టు ఉంటుంది. పత్తి పగిలి చేలన్నీ తెల్లబడతాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో హైవేను మంచు కమ్మేస్తుంది. డ్రైవర్లకు అది గండం. కట్ట మీద నిలబడిన వాళ్లకు మంచులో తలలు మాత్రమే తేలుతున్న తాటిచెట్లు, మోకు భుజాన వేసుకుని నడిచే గీతకార్మికుడు కనిపిస్తారు.

ఒకే చోటు నుంచి తీస్తేనే తెలిసే ముచ్చట ఇంకొకటి. డిసెంబరులో ఆగ్నేయం వైపు లేచే సూర్యుడు జూన్ నాటికి దాదాపు 50 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు. ఒక గుట్ట ఎడమ నుంచి మరో గుట్ట కుడికి! ఈ వెలుగు లెక్క తెలిసినవాళ్లు ఈ గడ్డ మీద వెనకటి నుంచీ ఉన్నారు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలంనాటి ఛాయా సోమేశ్వరాలయమే సాక్షి. గర్భగుడిలో లింగం వెనక పగలంతా నిలిచి ఉండే స్తంభం నీడను చూడటానికి ఇప్పటికీ దూరాల నుంచి వస్తారు.

పచ్చదనం అబద్ధమాడుతుంది!

ఫిబ్రవరి, మార్చిలో ఇక్కడికి వచ్చిన కొత్తవాళ్లు పచ్చటి వరి చూసి మోసపోతారు. అది వాన తెచ్చిన పచ్చదనం కాదు. కొంత బోరుది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. కొంత పానగల్లు ఉదయసముద్రం దాకా ఎత్తిపోసిన కృష్ణమ్మది. ఇంకొంత మూసీది. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే ఆ నీళ్లు పిల్లాయిపల్లి కాల్వ లాంటి కాల్వల్లో ఎండకాలం కూడా పారతాయి, పైన తెల్లటి నురగతో. దూరం నుంచి తీస్తే నురగ కూడా అందంగానే కనిపిస్తుంది. దగ్గరికెళ్తే వాసన చెబుతుంది అసలు సంగతి.

మరి రుతువు ఎక్కడ కనిపిస్తుంది? మోటారు అక్కర్లేని చెట్లలో! ఆకంతా రాల్చేసి నిప్పులా పూసే మోదుగలో, ఉగాదికి పూసే వేపలో, ఎండలు ముదిరాక గెలలు దించే తాటిముంజల్లో, దసరాకు జనమంతా వెతికే పాలపిట్టలో.

పాత ఫొటోకు ప్రాణముంటుంది

ఫొటోలు తీసేవాళ్లు ఈ నేలకు కొత్త కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ రాజభవనాలతో పాటు 1899-1900 నాటి కరువు పనులను కూడా కెమెరాలో బంధించారు. 2022లో కన్నుమూసిన భరత్‌భూషణ్ తెలంగాణ పల్లె తలుపులను, గోడలను, బతుకమ్మలను ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. తీసిన రోజు అవి మామూలు దృశ్యాలే. ఆ తలుపులు, ఆ గోడలు పోయాక వాటి విలువ తెలిసింది.

చిట్యాల గుట్టలదీ అదే కథ కావచ్చు. గ్రానైటు క్వారీలు, కంకర మిషన్లు, హైవే వెంట వెంచర్లు. 250 కోట్ల ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న గుండు డ్రిల్లు ముందు ఎన్నో రోజులు నిలవదు. నిరుడు సూర్యుడు ఏ గుట్ట వెనక లేచాడో ఆ గుట్టే ఈ ఏడు ఫ్రేములో లేకపోవచ్చు. అందుకే తీసిన ప్రతి ఫొటో వెనక తేదీ, కార్తె, చెరువు పేరు, నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో రాసిపెట్టాలి. ఒక కాపీ ఊరి పంచాయతీకి ఇస్తే ఇంకా మంచిది. మత్తడి ఏ ఏడాది దూకిందో గుర్తుపెట్టుకునే పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆ లెక్క రాయడానికి ఇప్పుడు ఫొటోలే దిక్కు.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి చిట్యాల సుమారు 80 కిలోమీటర్లు. విజయవాడ, సూర్యాపేట, నల్లగొండ వైపు వెళ్లే బస్సులు ఈ దారిలోనే వెళ్తాయి. బీబీనగర్-నడికుడి రైలు మార్గంలో చిట్యాల స్టేషన్ ఉంది. ముందుకెళ్తే నార్కట్‌పల్లి, అక్కడి నుంచి నల్లగొండ దారి పడితే చెరువుగట్టు, పానగల్లు చూడొచ్చు. గాలిదుమారంలో లెన్సు మార్చొద్దు, దుమ్ము లోపలికి పోతుంది. వానకాలంలో కెమెరాకు ఒక ప్లాస్టిక్ కవరు, ఒక పొడిగుడ్డ తప్పనిసరి. ఉరుము వినిపిస్తే గుట్ట దిగిపోవాలి, తాటిచెట్టు కిందికి అసలు పోకూడదు. పిడుగులకు ఏటా పశుల కాపరులు, రైతులు బలవుతూనే ఉన్నారు. చేనులోకి దిగేముందు రైతును అడగండి. మొగులు గురించి మీకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు.