ముఖమెరుగని పొరుగువారు



కంప్యూటరు మొరాయించినప్పుడు మీరేమి చేయుదురు? పట్టణములోనివారు దుకాణమునకు మోసికొనిపోవుదురు. ఎదిగిన పిల్లలున్నవారు పిల్లలను పిలుతురు. నేను చెప్పబోవువారు ఈ రెండును చేయరు. రాత్రి భోజనమై ఇంటివారు పండుకొనిన పిమ్మట బల్లయొద్ద కూర్చుండి, నల్లని తెరమీది తెల్లని అక్షరములు చూచుకొనుచు, చెడినది ఎక్కడనో తామే వెదకుదురు. దొరకనిచో ముఖమెరుగని ఎవరినో అడుగుదురు. ఆ ముఖమెరుగనివాడు తన నిద్ర మానుకొని జవాబు వ్రాయును. ఇందులో జీతము లేదు, బిరుదు లేదు; చాలమందికి ఒకరి ఊరు మరియొకరికి తెలియనే తెలియదు. పదిహేనేండ్లుగా నేనును వీరిలో ఒకడను గనుక వీరినిగూర్చి కొంత వ్రాయుచున్నాను.

ఒక పాఠశాలవారు పారవేయబోయిన కంప్యూటరును నేను అడిగి తెచ్చుకొని, దానిలో లినక్సును ఎక్కించితిని. ఈ లినక్సు పుట్టుకయే మన విషయమునకు తగినట్లున్నది. 1991 ఆగష్టు 25న ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, అప్పటికి 21 ఏండ్లవాడు, మినిక్స్ అను వ్యవస్థను వాడుకొనువారందరికిని బహిరంగముగా ఒక జాబు వ్రాసెను. తాను సరదాకొరకు ఒక వ్యవస్థను కట్టుచున్నాననియు, అది పెద్దదేమియు కాబోదనియు చెప్పి, మినిక్స్‌లో మీకు నచ్చినదేమి, నచ్చనిదేమి అని అడిగెను. పెద్దది కాబోదన్న ఆ పనియే నేడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు గుండెకాయ. లోకములోని 500 అతి శక్తిగల కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నాటికి లినక్సు లేనిది ఒక్కటియు మిగులలేదు. అడుగుటతో ఆరంభమైన పని గనుక అడుగువారిని చిన్నచూపు చూడకూడదని నేను తలంతును. అందరును అట్లు తలంపరు. ఆ మాట తరువాత చెప్పెదను.

నా కంప్యూటరులో మా సంఘపు బాప్తిస్మముల రిజిష్టరు, వివాహముల రిజిష్టరు ఉన్నవి. చెదలు పట్టిన పాత పుస్తకములు పూర్తిగా పోకమునుపు మూడు వేసవులు కూర్చుండి ఎక్కించితిని. ఒక బుధవారము ఉదయమున ఆ యంత్రము, పరికరములో చోటు మిగులలేదు అని చెప్పి, తెర తెరువనీయలేదు, కాగితము ముద్రింపనీయలేదు. ఆ శనివారము మాయొద్ద పెండ్లి. పెండ్లికుమారునికి సర్టిఫికెట్టు కావలెను. అతని పేరున్న పుట చెదల కడుపులో నున్నది.

చోటు ఎంత మిగిలినదో చూపు డీఎఫ్ అను ఆజ్ఞనిచ్చితిని. డిస్కు దాదాపు సగము ఖాళీయని చూపెను! ఒకే యంత్రము ఒక నోట చోటు లేదనియు, మరియొక నోట సగము ఖాళీయనియు చెప్పుచున్నది. నేనిచ్చిన ఆజ్ఞను, అది పలికిన మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి అడిగితిని. నలువది నిమిషములలో ఒకరు జవాబిచ్చిరి. వారికప్పుడు అర్ధరాత్రి దాటినది. వారు వ్రాసినది ఒక్క పంక్తి: అదే ఆజ్ఞకు ఐ అను అక్షరమును చేర్చి చూడుడు.

చూచితిని. నూటికి నూరు నిండియున్నది.

సంగతి యేమనగా, డిస్కులో ప్రతి ఫైలునకును, అది ఎంత చిన్నదైనను, ఐనోడ్ అను ఒక పద్దు కావలెను. డిస్కును సిద్ధపరచు దినముననే ఈ పద్దులెన్నియో నిర్ణయమగును. నేను వాడు పద్ధతిలో సాధారణముగా 16 కిలోబైట్లకు ఒకటి చొప్పున. నా 20 గిగాబైట్ల భాగమునకు 13 లక్షల పైచిలుకు. గిడ్డంగిలో చోటున్నది గాని గుమాస్తా పద్దు పుస్తకములో గీతలు అయిపోయినవి; గీత లేనిదే గుమాస్తా ఒక్క బస్తానైన లోపలికి రానీయడు. ఒక ప్రోగ్రాము, దాని పేరెందుకు గాని, నిమిషమునకొక చిన్న ఫైలు చొప్పున రెండేండ్లకు పైగా ఒక మూలన పోగుచేయుచు వచ్చినది. ఒక్కొక్కటి చీమతల యంత. కూడి పదకొండు లక్షలు.

ఆ మిత్రుడు అక్కడితో విడువలేదు. తుడువకముందు రిజిష్టరులను వేరొక పెన్‌డ్రైవులోనికి తీసికొనుమనెను. ఆ ఫైళ్లు ఎవరివో, వాటితో ఎవరికైనను పనియున్నదేమో చూడుమనెను. అన్నిటిని ఒక్క ఆజ్ఞతో తుడువబోయినయెడల జాబితా మరీ పొడవైనదని యంత్రము నిరాకరించునని ముందే హెచ్చరించి, ఒక్కొక్కటిగా వెదకి తీసివేయు వేరు ఆజ్ఞను నేర్పెను. తాను వ్రాసిన ఆజ్ఞనైనను అర్థము చేసికొనకుండ కొట్టవద్దని చివరకు చేర్చెను. ఈ చివరి మాట బంగారము. ఏలయనగా డిస్కునంతయు తుడిచివేయు ఆజ్ఞను హాస్యమునకు మందుగా వ్రాసి ఇచ్చు దుష్టులును ఈ లోకములో ఉన్నారు.

గురువారము రాత్రికి పని ముగిసినది. శనివారము పెండ్లి జరిగినది.

చదువరీ, అడుగుట ఒక విద్య. పనిచేయుట లేదు అని మాత్రము వ్రాయువాడు, ఒంట్లో బాగుండలేదని చెప్పి ఊరకుండు రోగివంటివాడు. ఏమి చేసితివి, యంత్రము సరిగా ఏ మాటలు పలికినది, దానికి ముందు ఏమి మార్చితివి? ఈ మూడును చెప్పినచో సగము రోగము తెలిసిపోవును. ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరియొకటి కలదు; దీనిని వారు ఎక్స్-వై చిక్కు అందురు. మనిషి తన అసలు కష్టమును చెప్పక, దానికి తానే ఊహించుకొనిన మందును ఎట్లు తినవలెనో అడుగును. నాకిది కంప్యూటర్లకంటె ముందే తెలియును. అయ్యగారూ, వడ్డీకి సొమ్ము ఎవరిత్తురు అని అడుగవచ్చినవానిని కూర్చుండబెట్టి మాటలాడగా, అరగంటకు గాని తల్లి ఆసుపత్రిలో ఉన్నదన్న సంగతి బయటికి రాదు. వడ్డీ వ్యాపారి ఇల్లు చూపుట సహాయము కాదు గదా.

అయితే వీరిలో కఠినులును కలరు. క్రొత్తవాడు తడబడుచు అడిగినంతనే, ముందు పుస్తకము చదివి రమ్మని కసరుదురు. యునిక్స్ వ్యవస్థకు 1971నుండియే చక్కని పుస్తకమున్నమాట నిజమే. కాని ఏ పుటలో చూడవలెనో తెలిసినవానికే అది పుస్తకము. తెలియనివానికి అది గోడ. ఇట్టి కసురులవలన ఎందరు మరల నోరెత్తక వెళ్లిపోయిరో లెక్కయెవరు వ్రాసిరి? పుట సంఖ్య చెప్పుటకు పట్టు కాలము కసరుటకు పట్టు కాలముకంటె తక్కువే.

వీరు తరచు చెప్పుకొను కథయొకటి కలదు. 1986లో ఇంగ్లాండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఒకరు చేయిజారి ఒక పెద్ద యంత్రములోని ముఖ్యమైన ఫైళ్లను తుడువ మొదలిడిరి. ఆపునప్పటికి ఆజ్ఞలుండు చోటే పోయినది. క్రొత్త సంచయమును చేయు ఆజ్ఞయైనను మిగులలేదు. అదృష్టవశమున ఒకరి తెరమీద ఈమాక్స్ అను వ్రాతపనిముట్టు ఇంకను నడచుచున్నది. దానిలోనికి యంత్రభాషలో ఒక చిన్న ప్రోగ్రామును అంకెలుగా చేతితో ఎక్కించి, దానితో పోయినవాటికి చోటు కల్పించి, తక్కినవి తిరిగి తెచ్చుకొనిరి. వారి తెలివికి నేను ఆశ్చర్యపడుదును గాని, నాకు ప్రియమైనది ఆ తరువాతి పని. ఆ అవమానమును దాచక, జరిగినదంతయు విడమరచి అందరును చదువునట్లు వ్రాసిరి. నలువదియేండ్లు కావచ్చినను అది ఇంకను చదువబడుచున్నది.

ఇట్లు వ్రాయనివారే ఎక్కువ. మీ చిక్కువంటి చిక్కే ఎవడో ఏడేండ్ల క్రిందట అడిగియుండుటను చూచి ఆశతో క్రిందికి పోవుదురు. అక్కడ, సరియైనది, వందనములు అని మాత్రముండును. ఎట్లు సరియైనదో లేదు! బావి త్రవ్వి నీళ్లు త్రాగి, మూత వేసికొని పోయినట్లున్నది. నా మిత్రుడు నన్ను కోరిన ప్రతిఫలమిదే: నీ ప్రశ్న క్రిందనే కారణమును, అంకెలను, ఇచ్చిన ఆజ్ఞలను వరుసగా వ్రాయుము. వ్రాసితిని. ఎనిమిది నెలలకు, ఏ దేశమువారో, తమ ఆసుపత్రి యంత్రము దానివలన బాగైనదని రెండు మాటలు చేర్చిరి.

2022 చివరనుండి జనులు ఇట్టి ప్రశ్నలను మాటలాడు యంత్రములను అడుగుచున్నారు. అవి కసరవు, అర్ధరాత్రియైనను విసుగవు. నేనును అడుగుదును, తరచు మంచి జవాబే వచ్చును. అయితే అవి చదివి నేర్చినవాటిలో ఇట్టి ముఖమెరుగనివారు వ్రాసిపెట్టిన జవాబులే ఎన్నో ఉన్నవి. ఒంటరిగా అడిగి ఒంటరిగా పొందిన జవాబు, నిజముగా పనిచేసెనో లేదో, నా గదిలోనే ఉండిపోవును. రేపు క్రొత్త యంత్రము క్రొత్త రోగముతో వచ్చినప్పుడు, దానిని మొదట బాగుచేసికొనినవాడు ఎక్కడ వ్రాయును? ఎవరు చదువుదురు?

మొన్న నా ప్రింటరు తెలుగు అక్షరముల ఒత్తులను విడదీసి ముద్రింపసాగెను. రెండు రాత్రులు వెదకగా కారణము దొరికినది. ఏమి చేసితినో వరుసగా వ్రాసి అందరికిని కనబడునట్లు పెట్టితిని. ఇంతవరకు ఎవరును పలుకలేదు.