పనికి పంపే ముందు

గంజాయి మానేసిన కుర్రాడికి పని చూడడమంటే దయగల యజమానిని వెతకడమే అనుకుంటారు చాలామంది. విశాఖపట్నంలో డీఅడిక్షన్ సెంటర్ సోషల్ వర్కర్‌గా నా అనుభవం వేరు. జాలిపడి ఇచ్చిన పని మొదటి నాగాకే పోతుంది. అవసరం ఉండి ఇచ్చిన పని నిలుస్తుంది.

2020 లాక్‌డౌన్ రోజుల్లో ఇది నాకు బాగా తెలిసొచ్చింది. ఆ ఏప్రిల్–జూన్ నెలల్లో దేశంలోని పట్టణాల్లో నిరుద్యోగం 20 శాతం దాటిందని కేంద్రప్రభుత్వ సర్వేయే లెక్కగట్టింది. షెడ్లలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళనే మానిపిస్తున్నారు. ఆ తర్వాత కొంతకాలానికి గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డు ఓనరు నా ముఖం మీదే అడిగాడు: "బయట పదిమంది నించున్నారు మేడమ్. మీ కుర్రాణ్ణే ఎందుకు తీసుకోవాలి?"

న్యాయమైన ప్రశ్న. ఆయనకున్న ఇబ్బందేమిటో తెలుసుకుని వెళ్ళాను కాబట్టి చెప్పగలిగాను. "ఆ పదిమందిలో ఎవరైనా రేపు చెప్పకుండా మానేస్తే మీరు ఎవరిని అడుగుతారండీ? మావాడు రాకపోతే నాకు ఫోన్ చెయ్యండి. గంటలో వాళ్ళింటి దగ్గరుంటాను." పూచీ అంటే నా దృష్టిలో అదే. కుర్రాడి సంగతి ఎంతవరకు చెప్పాలన్నది మాత్రం ముందే అతన్ని అడిగి, అతను ఒప్పుకున్నంతే చెబుతాను.

ఏ పనికి పంపకూడదో తెలియడం ఈ వృత్తిలో అసలు విద్య. సొల్యూషన్ పీల్చే అలవాటున్నవాణ్ణి పంక్చర్ షాపులో పెడితే, ఏది వదిలించుకోవాలని మా దగ్గరకు వచ్చాడో అదే పొద్దస్తమానం చేతిలో ఉంటుంది. కార్ల పెయింటింగ్ షెడ్డులో థిన్నరు, చెప్పులు అతికించే చోట గమ్ము, అన్నీ ఆ బాపతే. నిద్రమాత్రలకు అలవాటుపడ్డవాణ్ణి మందుల షాపుకు పంపం. గంజాయి మానినవాణ్ణి ఏజెన్సీ రూటు లారీకి క్లీనరుగా ఎక్కించం. నైట్ వాచ్‌మన్ ఉద్యోగం తేలిగ్గా దొరుకుతుంది, తల్లిదండ్రులూ సంతోషిస్తారు. నాకు మాత్రం అదంటేనే ఎక్కువ భయం. గంజాయి మానాక నిద్ర ఒక దారికి రావడానికి వారాలు పడుతుంది. అలాంటివాడు రాత్రంతా ఒంటరిగా, చేతిలో ఫోను, ఫోనులో పాత బ్యాచ్ నంబర్లతో కూర్చోవాలి. నలుగురి మధ్య, చేతికి ఎడతెరిపి లేని పగటి పని కావాలి వీళ్ళకి.

లేత్ షెడ్డు కుర్రాణ్ణి కూడా వెంటనే మిషను మీద పెట్టనివ్వలేదు. రాత్రి వేసుకునే మాత్రల మత్తు అతనికి పొద్దున పదింటిదాకా దిగేది కాదు. తిరిగే ముక్క ముందు కన్ను మూతపడితే వేళ్ళు పోతాయి. డాక్టరుగారు మోతాదు తగ్గించేదాకా ఇనప రజను ఊడ్చడం, బోల్టులు సైజులవారీగా సర్దడం, తయారైన సామాను ఇచ్చిరావడం అతని పనులు. ఓనరు దానికి ఒప్పుకోవడం పెద్ద విషయం.

పెద్ద కంపెనీలు వేరు. యూరిన్ టెస్టు పెట్టే చోటికి తొందరపడి పంపకూడదు. ఏళ్ళ తరబడి రోజూ గంజాయి తాగినవాడికి మానేసి నెల దాటినా పాజిటివ్ రావచ్చు. నిజంగా మానినవాడు అబద్ధాలకోరుగా ముద్రపడి బయటికొస్తాడు. తర్వాత పోలీస్ వెరిఫికేషన్. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో 64ఏ సెక్షన్ ఒకటుందని చాలా కుటుంబాలకు తెలియదు. వాడకం కేసుల్లో గానీ, చిన్న మోతాదు కేసుల్లో గానీ ఉన్న బానిస తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు పొందిన సంస్థలోనో చికిత్సకు చేరి పూర్తిచేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుందది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేసు భయంతో పిల్లల్ని ఇంట్లో దాచుకునే తల్లులకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఇప్పటికే కేసు నడుస్తున్నవాళ్ళ విషయంలో, వాళ్ళు ఒప్పుకుంటే, వాయిదా తేదీలు ఓనరుకు ముందే రాసిస్తాను. కడుపునొప్పని చెప్పి కోర్టుకెళ్ళే బాధ ఉండదు.

ఇక జీతం. నెల జీతం ఒక్కసారిగా చేతికొచ్చే రోజు మావాళ్ళకు గండం. అందుకే వారంవారం ఇమ్మంటాం. మొత్తం తల్లి చేతికే ఇవ్వాలని కొందరు కౌన్సిలర్లు అంటారు. నేను ఒప్పుకోను. పాతికేళ్ళ మనిషి పనిచేసి సంపాదించిన డబ్బు తాకకూడదంటే, ఆ పని మీద అతనికి ప్రేమెలా పుడుతుంది? ఎంత ఇంట్లో ఇవ్వాలో, ఎంత ఉంచుకోవాలో అతనే చెబుతాడు. మేం కాయితం మీద రాసుకుంటాం.

లేత్ షెడ్డు కుర్రాడు దసరా సెలవుల్లో మళ్ళీ తాగాడు. ఓనరు తిట్టలేదు, మానిపించలేదు, నాకు ఫోన్ చేశాడు. అలా జరిగితే మిషను దగ్గరికి రానివ్వకుండా మా దగ్గరికి పంపాలని మొదటిరోజే మాట్లాడుకున్నాం. వారం తర్వాత వెళ్ళి అదే లేత్ ముందు నించున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, థ్రెడ్డింగ్ పని అతనిదే.

ఈమధ్య ఆ ఓనరే డ్రిల్లింగ్ మిషను మీదకి ఇంకొకరు కావాలన్నాడు. మా దగ్గర సిద్ధమవుతున్నవాళ్ళు ఇద్దరు. ఒకరికి చేతుల వణుకు పూర్తిగా తగ్గలేదు. రెండో కుర్రాడు తన కేసు సంగతి దాచొద్దన్నాడు, వచ్చే వారం వాయిదా ఉందని ఓనరుకు చెప్పాను. అదయ్యాక తీసుకురమ్మన్నాడు.