కొండపల్లిలో కొన్న చెక్కముక్క

దసరా ఇంకా పది రోజులుందనగా మా అక్క కూతురు ఫోనులో ఒకటే గొడవ! "మామయ్యా, మన బొమ్మల కొలువులో మూడో మెట్టు ఖాళీ. నువ్వే నింపాలి!" అని.

మా కృష్ణాజిల్లా వైపు మా ఇళ్ళల్లో కొలువు సంక్రాంతికి. అక్క మెట్టినిల్లు రాయలసీమ. అక్కడ ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడే మెట్లు కట్టేస్తారు. మూడో, అయిదో, ఏడో... ఎన్నయినా బేసి లెక్కే. ఆ మూడో మెట్టు మా అమ్మది. అమ్మ ఇచ్చిన మట్టిబొమ్మలు, మధ్యలో అంబారీ ఏనుగు. పోయినేడు అక్కావాళ్ళు ఇల్లు మారినప్పుడు ఆ పెట్టె లారీలో నుజ్జునుజ్జయింది. దాని మీద ఇనప ట్రంకు పెట్టించిన ఘనుడెవరంటారా? మీ ముందున్న ఈ రచయితే! అమ్మ పోయి నాలుగేళ్ళు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మట్టి పగిలింది కాబట్టి ఈసారి చెక్క అనుకున్నాను. బెజవాడలో బస్సెక్కి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం దాటితే కొండపల్లి ఎంతో దూరం లేదు. థర్మల్ స్టేషన్ గొట్టాలు కనబడ్డాయంటే ఊరొచ్చినట్టే. చాలామంది ఖిల్లా చూడ్డానికి కొండెక్కుతారు. నేను కిందనే ఆగిపోయాను, బొమ్మల కాలనీలో.

అరుగుల మీద దశావతారాలు, పెళ్ళి పల్లకీలు, తాడిచెట్టెక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి... అన్నీ వరసగా ఎండకి ఆరుతున్నాయి. అంబారీ ఏనుగు ధర అడిగాను. చెప్పారు. జేబు తడుముకున్నాను. పత్రికల నుంచి నాకు రావలసిన డబ్బులు వస్తే కొనగలను గానీ, అవి వచ్చేసరికి వచ్చే దసరా వస్తుంది!

నా మొహం చూసి లోపల ఉలి పట్టుకు కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "కూర్చో బాబూ, చూడ్డానికి డబ్బులక్కర్లేదు" అన్నాడు.

చూశాను. అది తెల్లపొణికి చెక్క. చేతిలోకి తీసుకుంటే అట్టపెట్టెలా తేలిక. పచ్చి చెక్కని బాగా ఆరబెట్టి, సన్నని సెగ మీద కాచి, లోపలి చెమ్మంతా లాగేస్తారు. లేకపోతే రంగు వేశాక బొమ్మ బీటలు తీస్తుంది. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి అంటిస్తారు. దేనితో అనుకున్నారు? చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో! అతుకులు ఆ మక్కుతోనే పూడ్చి, ఆకురాయితో నున్నగా రుద్ది, సున్నం పూత పూస్తారు. అది ఆరాక రంగులు. ఆ ఇంటి ఇల్లాలు మేక వెంట్రుకల కుంచెతో రాముడికి కనుబొమ్మలు దిద్దుతుంటే నేను ఊపిరి బిగబట్టాను.

తెర మీద మెరిసే కిరీటం దగ్గరికెళ్ళి చూస్తే అట్టముక్క, గిల్టు కాగితం అని మనకి తెలుసు. తెలిశాక కాస్త నీరుగారిపోతాం కూడా. ఇక్కడ గుట్టు తెలిసేకొద్దీ ఆశ్చర్యం పెరిగింది.

"పొణికి చెట్లు ఈ కొండ మీద బాగా తగ్గిపోయాయి. చెక్క కోసం దూరం పోవాలి. మరి ధర పెరగదా?" అన్నాడు పెద్దాయన. బేరమాడబోయిన నా నోరు అక్కడే మూతబడింది. అన్నట్టు, ఏటికొప్పాక బొమ్మల కథ వేరు. అది అంకుడు కర్ర, తిరిగే పట్టెడ మీద లక్క పూత. 2025 జనవరి 26న ఢిల్లీ పెరేడ్‌లో మన రాష్ట్ర శకటమెక్కినవి అవే. రెంటినీ కలిపి మాట్లాడితే రెండు ఊళ్ళవాళ్ళూ ఒప్పుకోరు!

చివరికి కాచి ఆరిన తునకలు కొన్ని ఏరి, కాగితంలో చుట్టి ఇచ్చాడాయన. "ఏనుగు నువ్వే చేసుకో. చెడితే మళ్ళీ చెయ్యి" అన్నాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

గదికొచ్చి చింతగింజలు వేయించి, పెంకు తీసి, దంచి ఉడకబెట్టాను. కిందింటి వాళ్ళు వాసనకి పైకొచ్చి చూసి వెళ్ళారు. కలంచాకుతో చెక్కుతుంటే మొదటి తొండం రెండు ముక్కలైంది. రెండోది నిలిచింది. చెవులు మక్కుతో అంటించి రెండు రోజులు ముట్టుకోలేదు. తొందరపడితే జారిపోతాయి మరి. సున్నం, పక్కింటివాళ్ళు వెల్ల వేయించగా మిగిలినది. శాండ్ పేపరు ఇరవై, నీటిరంగులు అరవై. చెక్కతో కలిపి 130 రూపాయలు!

నవరాత్రుల మొదటి సాయంత్రం పేరంటానికొచ్చిన ఒకావిడ శనగలు అందుకుంటూ, "ఇదేమిటండీ, పందిలా ఉంది?" అంది.

"కాదు, అమ్మమ్మ ఏనుగు!" అంది మా మేనకోడలు గట్టిగా.

అక్క ఏమీ అనలేదు. దాన్ని మూడో మెట్టు మధ్యకి జరిపి, ముందుకాలి కింద మడిచిన కాగితమ్ముక్క పెట్టింది. ఒక కాలు పొట్టిది లెండి.