మోటారు డబ్బులతో మావాడి కంప్యూటరు

ఈసారి పోస్టు మిరప గురించి కాదు, మిరప డబ్బులు ఎటు పోయాయో చెబుతా.

మా చిన్నోడు డిగ్రీ రెండో ఏడు. గేములు ఆడే కంప్యూటరు కావాలని, దాంట్లోనే బ్లెండర్ నేర్చుకుని గేములకు బొమ్మలు చేస్తానని రెండేళ్లుగా ఒకటే పోరు. అడిగినప్పుడల్లా నేను ఇంతెత్తున లేచేవాణ్ణి. 2024 వేసవిలో మిర్చి అమ్మి, కొత్త బోరు మోటారుకని 70 వేలు పక్కన పెట్టా. "మోటారు ఇంకో ఏడు ఆగుద్ది, వాడి చదువు ఆగదు" అంది మా ఆవిడ. ఇక చేసేదేముంది, ఇద్దరం సికింద్రాబాద్ సీటీసీకి బయల్దేరాం.

అక్కడ విడి సామాన్లు కొని బిగించుకోవాలి. ఒక షాపులో ర్యామ్ చవగ్గా ఇస్తామన్నారు. తీరా చూస్తే అది డీడీఆర్5, మేం తీసుకున్న బోర్డేమో డీడీఆర్4. గాటు వేరేచోట ఉంటది, అసలు దిగదు. చిన్నోడు చూడబట్టి సరిపోయింది. 16 జీబీ ఒకటే ముక్క తీసుకుందాం, ఇంకోటి తర్వాత వేసుకోవచ్చు అన్నా నేను. కాదు నాన్నా, 8వి రెండు పెడితే రెండు దారుల్లో పని జరుగుద్ది అన్నాడు. ఒంటెద్దుతో అరక దున్నమంటావా అని వాడడిగితే నా దగ్గర జవాబు లేదు. నాలుగు స్లాట్ల బోర్డు కాబట్టి రెండు ఖాళీగానే ఉన్నాయి.

హార్డ్ డిస్కు అయితే అదే డబ్బుకి ఎక్కువ జాగా వస్తుందని పట్టుబట్టా. షాపు కుర్రాడు పాత డిస్కు కంప్యూటరు, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉన్నది పక్కపక్కనే ఆన్ చేసి చూపించాడు. మళ్ళీ నోరెత్తలా. 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకున్నాం.

అసలు గొడవంతా గ్రాఫిక్స్ కార్డు దగ్గరే. ఆర్‌టీఎక్స్ 4060 కొత్తది, గేముల్లో వేగం ఎక్కువ, కరెంటు 115 వాట్లే, కానీ మెమొరీ 8 జీబీ. పాత 3060లో 12 జీబీ, 170 వాట్లు. మనసంతా 4060 మీదే వాడికి. "తర్వాత మెమొరీ పెంచుకోవచ్చా?" అని అడిగా. కార్డు మీదే అతికించేసి ఉంటది, కుదరదన్నారు. ర్యామ్, ఎస్ఎస్‌డీ రేపైనా కొనొచ్చు, ఇది అట్లా కాదు. పెద్ద సీన్లు చేసేటప్పుడు బ్లెండర్‌కి ఆ మెమొరీయే కావాలని వాడే ఒప్పుకున్నాడు. కాసేపు మూతి ముడుచుకుని 3060 తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక 3200 ర్యామ్ 2666 మీదే నడుస్తోందని రెండు రోజులు తల పట్టుకున్నాడు. బయోస్‌లోకి పోయి ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే సర్దుకుంది. మన లో వోల్టేజీ సంగతి తెలిసిందే కదా, 1 కేవీఏ యూపీఎస్ కూడా తప్పలేదు.

మొన్న మన చింతచెట్టు, కింద ఎడ్లబండి బొమ్మ చేసి చూపించాడు. బండి చక్రం కాస్త వంకరగా ఉంది, చెప్పా. పొలంలో మాత్రం ఈ ఏడూ వైండింగ్ చేయించిన పాత మోటారే నడుస్తోంది.